బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ ఒకే అసింక్ కోడ్: గోదావరి నీటిమట్టం పేజీతో నేను నేర్చుకున్నది

మాది దుమ్ముగూడెం. భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో, గోదావరి పక్కనే. వానాకాలం వచ్చిందంటే మా ఇళ్లల్లో క్రికెట్ స్కోర్ కంటే ఎక్కువసార్లు వినిపించే ప్రశ్న ఒకటే: "భద్రాచలంలో ఎన్ని అడుగులుంది?" అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు చూశాం. 1986లో 75.6 వచ్చిందని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు.

2022 వరద తర్వాత నేనొక చిన్న ప్రోగ్రామ్ రాశా. చేసే పని చాలా సింపుల్. నీటిమట్టం అంకె తెచ్చి చూపించాలి, పది నిమిషాలకోసారి మళ్లీ తేవాలి, పాత వరదల గ్రాఫ్ పక్కన పెట్టాలి. ఇంట్లో నాన్న, బాబాయ్‌ల దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లున్నాయి కాబట్టి వాళ్లకి యాప్. యాప్ ఇన్‌స్టాల్ చేసుకునే ఓపికా స్టోరేజీ లేనివాళ్లకి బ్రౌజర్ పేజీ. రెండుసార్లు ఎవడు రాస్తాడని, లోపలి లాజిక్ మొత్తం రస్ట్‌లో ఒక్కసారే రాసి, ఆండ్రాయిడ్‌కి నేటివ్ లైబ్రరీగా, బ్రౌజర్‌కి వెబ్‌అసెంబ్లీగా కంపైల్ చేద్దామనుకున్నా. అసింక్ కోడ్ ఉంది, రెండు చోట్లా అదే నడుస్తుంది, ఇంకేం కావాలి?

తర్వాతి వానాకాలంలో ఒక రాత్రి బాబాయ్ ఫోన్ చేశాడు. "నీ పేజీలో ఇంకా నలభై ఆరే చూపిస్తోందిరా. ఇక్కడ రెండో హెచ్చరిక ఇచ్చేశారంటున్నారు. ఏది నమ్మమంటావ్?"

తప్పు నాదే. ఈ ఆర్టికల్ ఆ తప్పు గురించీ, దాన్ని వెతుక్కుంటూ వెళ్తే దొరికిన మిగతా నాలుగు తప్పుల గురించీ. మీరు రస్ట్ రాయకపోయినా ఫర్లేదు. కోట్లిన్, డార్ట్, గో రాసేవాళ్లకీ ఇవే గోతులున్నాయి, చివర్లో చెప్తా.

ముందు అసలు రన్‌టైమ్ అంటే ఏంటి?

టిఫిన్ బండి చూసే ఉంటారు. ఒక్కడే మాస్టర్. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, ఉడికేదాకా దాని ముందే నిలబడడు. దోశ పోస్తాడు, అది కాలేలోపు చట్నీ వడ్డిస్తాడు. ఇడ్లీ పాత్ర ఆవిరి కొట్టగానే అటు తిరుగుతాడు. మనుషులు పెరగలేదు, పొయ్యిలు పెరగలేదు, ఖాళీగా నిలబడడం తగ్గిందంతే. అసింక్ అంటే ఇదే. కోడ్‌లో "అవెయిట్" అని రాసిన ప్రతిచోటా మాస్టర్ పక్క పనికి వెళ్లే అవకాశం ఉంటుంది. ఏ పని సిద్ధంగా ఉందో, తర్వాత ఏది ముట్టుకోవాలో చూసుకునేదే రన్‌టైమ్.

రస్ట్‌లో 2019 నవంబర్‌లో వచ్చిన 1.39 వెర్షన్‌తో అసింక్-అవెయిట్ స్థిరపడింది. కానీ భాషతో పాటు రన్‌టైమ్ రాదు. అసింక్ ఫంక్షన్‌ని పిలిస్తే మన చేతికి "ఫ్యూచర్" అనే ఒక వస్తువు వస్తుంది. అది ఆర్డర్ రాసిన చీటీ లాంటిది, దానంతట అది వండుకోదు. ఎవరో ఒకరు దాన్ని "పోల్" చేయాలి, అంటే "అయిందా?" అని అడగాలి. కాకపోతే అది "నాకు తెలియగానే లేపుతా" అని ఒక "వేకర్"ని దాచుకుంటుంది. జావాస్క్రిప్ట్ ప్రామిస్ దీనికి రివర్స్. సృష్టించిన క్షణమే పని మొదలైపోతుంది, నడిపించే ఈవెంట్ లూప్ బ్రౌజర్‌లోనే ఉంటుంది.

నేటివ్‌లో అందరూ వాడే రన్‌టైమ్ టోకియో. లైనక్స్, ఆండ్రాయిడ్‌లలో ఈపోల్ ద్వారా, యాపిల్ వాటిలో కేక్యూ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్‌ని "ఏ సాకెట్‌లో డేటా వచ్చింది?" అని అడుగుతుంది. డిఫాల్ట్‌గా ఎన్ని కోర్లుంటే అన్ని వర్కర్ థ్రెడ్లు లేపుతుంది. మన రివ్యూల్లో ఆక్టాకోర్ అని రాస్తుంటాం కదా, అలాంటి ఫోన్‌లో ఎనిమిది మంది మాస్టర్లన్నమాట. ఒకరి ముందు చీటీలు పేరుకుపోతే ఖాళీగా ఉన్నవాడు లాక్కుని చేసేస్తాడు.

బ్రౌజర్ ట్యాబ్ అలా కాదు. ఎంత ఖరీదైన ఫోనైనా పేజీ మెయిన్ థ్రెడ్ ఒక్కటే. ఆ ఒక్క మాస్టరే దోశ పోయాలి, డబ్బులు తీసుకోవాలి, బల్ల తుడవాలి. అంటే మీ కోడ్, వేలి ట్యాప్, స్క్రోల్, పేజీ గీయడం అన్నీ అతనివే. 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో ఒక ఫ్రేమ్‌కి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్‌లో 8.3. మీ పని అంతకంటే ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటే ఫ్రేమ్ పోయినట్టే.

మొదటి గొయ్యి: ఆగి చూడడం

ఆండ్రాయిడ్ యాప్‌లో జావా వైపు నుంచి రస్ట్‌ని పిలిచేచోట నేను "బ్లాక్ ఆన్" వాడా. అంటే ఈ ఫ్యూచర్ అయ్యేదాకా ఈ థ్రెడ్‌ని ఇక్కడే ఆపు అని. నేటివ్‌లో ఇది మామూలే, పిలిచింది బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ అయితే ఎవరికీ నొప్పి లేదు. అదే అలవాటు బ్రౌజర్‌కి మోసుకెళ్లా. అక్కడ నెట్‌వర్క్ జవాబు రావాలంటే ఈవెంట్ లూప్ తిరగాలి. లూప్ తిరగాలంటే నా కోడ్ చేతులు వదలాలి. నా కోడేమో జవాబు వస్తే గానీ వదలనంటోంది.

మా ఊరి పాత ఆనకట్ట పక్కన, బ్రిటిష్ కాలంలో పడవల కోసం తవ్విన కాలువా లాకులూ ఉన్నాయి. కాటన్ దొర కాలంలో గోదావరి మీద పడవల రవాణా కోసం మొదలుపెట్టిన పని అది. రాళ్లున్న చోటు తప్పించి పడవ కాలువలోకి దిగి, లాకుల గుండా మెట్టుమెట్టుగా నీటిమట్టం మారుతూ బయటికెళ్లాలి. ఒక పడవ లాకు గదిలోనే లంగరేసి, "నా సరుకు వెనక పడవలో ఉంది, అది వచ్చేదాకా కదలను" అంటే ఎలా ఉంటుంది? వెనక పడవకి దారే లేదు. నా పేజీ సరిగ్గా అలాగే బిగుసుకుపోయింది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, ఖాళీ తెర.

దీనికి చిట్కాలేం లేవు. బ్రౌజర్ వైపు బ్లాక్ ఆన్ అనే ఆలోచనే మానేయాలి. ఉమ్మడి కోడ్‌లో ఎక్కడా అది ఉండకూడదు. అది ఆండ్రాయిడ్ అంచున, జావా కలిసేచోట మాత్రమే ఉండాలి. బ్రౌజర్ అంచున "స్పాన్ లోకల్" అనే ఫంక్షన్‌కి ఫ్యూచర్ అప్పగించి తిరిగొచ్చేయాలి. వాసమ్-బైండ్‌జెన్-ఫ్యూచర్స్ లైబ్రరీ ఇది ఇస్తుంది, లోపల బ్రౌజర్ సొంత ఈవెంట్ లూప్‌నే రన్‌టైమ్‌గా వాడుకుంటుంది.

రెండో గొయ్యి: సెండ్

ఇది రస్ట్ వాళ్ల తలనొప్పి. టోకియోకి పని ఇవ్వాలంటే ఆ ఫ్యూచర్ "సెండ్" అయి ఉండాలి, అంటే ఒక థ్రెడ్ నుంచి ఇంకో థ్రెడ్‌కి మోసుకెళ్లేందుకు సురక్షితంగా ఉండాలి. ఎనిమిది మంది మాస్టర్లు చీటీలు లాక్కుంటారు కాబట్టి న్యాయమే. కానీ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ వస్తువు పట్టుకున్న ఏ ఫ్యూచరైనా సెండ్ కాదు. ఆ వస్తువు ఆ థ్రెడ్‌కే కట్టేసి ఉంటుంది. కాబట్టి ఉమ్మడి కోడ్‌లో సెండ్ కావాలి అని రాస్తే బ్రౌజర్ బిల్డ్ పగులుతుంది, తీసేస్తే ఆండ్రాయిడ్ బిల్డ్ పగులుతుంది. ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

చాలా ప్రాజెక్టులు వాడే దారే నేనూ పట్టుకున్నా. "ఉంటే సెండ్" అని ఒక సొంత ట్రెయిట్ పెట్టుకోవడం. నేటివ్‌లో కంపైల్ అయితే దాని అర్థం సెండ్. వెబ్‌అసెంబ్లీలో అయితే దానికి ఏ అర్థమూ లేదు, అందరూ పాస్. గ్రాఫిక్స్ లైబ్రరీ డబ్ల్యూజీపీయూలో కూడా ఇలాంటి ఏర్పాటే కనిపిస్తుంది. చూడ్డానికి అంత అందంగా ఉండదు, కానీ పని చేస్తుంది.

మూడోది: గడియారమే లేదు

ఇది చిన్నదే, త్వరగా చెప్పేస్తా. రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీలో "ఇన్‌స్టంట్ నౌ" అని టైమ్ అడిగితే, బ్రౌజర్ కోసం వాడే మామూలు వెబ్‌అసెంబ్లీ టార్గెట్‌లో ప్రోగ్రామ్ ప్యానిక్ అయి పడిపోతుంది. ఎందుకంటే ఆ టార్గెట్‌కి కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో తెలీదు. థ్రెడ్ స్పాన్ చేసినా ఇదే కథ. కంపైల్ మాత్రం నవ్వుతూ అయిపోతుంది! వెబ్-టైమ్ అనే లైబ్రరీ పెట్టుకుంటే నేటివ్‌లో మామూలు గడియారం, బ్రౌజర్‌లో బ్రౌజర్ గడియారం ఇస్తుంది. నిద్రపోవడానికి నేటివ్‌లో టోకియో స్లీప్, బ్రౌజర్‌లో సెట్‌టైమవుట్ మీద కట్టిన గ్లూ-టైమర్స్. రెండింటినీ నా సొంత "నిద్ర" ఫంక్షన్ వెనక దాచేశా.

నాలుగోది: మర్యాదగా పక్కకు తప్పుకున్నా తెర కదల్లేదు

నాకు బాగా నచ్చిన బగ్ ఇదే. పాత వరదల లెక్కలన్నీ చదివి గ్రాఫ్‌కి పాయింట్లు తయారుచేసే పని కాస్త బరువు. బాబాయ్ ఫోన్‌లో పేజీ తెరిస్తే అయిదారు సెకన్లు స్క్రోల్ కూడా అయ్యేది కాదు. సరే, పనిని ముక్కలు చేసి, ప్రతి కొన్ని వందల లైన్లకీ ఒకసారి "యీల్డ్" చేద్దామనుకున్నా. యీల్డ్ అంటే తనను తానే మళ్లీ లేపుకోమని చెప్పి, ఒక్కసారి చేతులు వదిలే ఫ్యూచర్. టోకియోలో ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది. బ్రౌజర్‌లో పెట్టి చూశా. ఒక్క మిల్లీసెకను కూడా తేడా లేదు!

కారణం బ్రౌజర్ క్యూల్లో ఉంది. బ్రౌజర్‌లో క్యూలు ఒక్కటి కాదు. మామూలు టాస్క్‌లది ఒకటి: టైమర్లు, క్లిక్‌లు వగైరా. మైక్రోటాస్క్‌లది ఇంకొకటి: ప్రామిస్‌లు అందులోకి వెళ్తాయి. రూల్ ఏంటంటే, మైక్రోటాస్క్ క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా బ్రౌజర్ తర్వాతి టాస్క్‌కి పోదు, తెర గీయదు. స్పాన్ లోకల్ మన ఫ్యూచర్లను మైక్రోటాస్క్‌లుగానే నడిపిస్తుంది. నా యీల్డ్ తప్పుకున్నట్టే తప్పుకుని, వెంటనే అదే క్యూలో మళ్లీ చేరిపోతోంది. బస్సు ఎక్కే లైన్‌లో "మీరు ముందు ఎక్కండి" అని పక్కకు జరిగి, మళ్లీ ఫుట్‌బోర్డ్ మీదే నిలబడడం లాంటిది.

కాబట్టి బ్రౌజర్‌లో నిజంగా వదలాలంటే మామూలు టాస్క్ క్యూకి వెళ్లాలి. సెట్‌టైమవుట్ సున్నా పెట్టొచ్చు. కానీ ఒకదానిలో ఒకటిగా అయిదుసార్ల పైన పెడితే ప్రతిసారీ కనీసం 4 మిల్లీసెకన్లు ఆపాలని హెచ్‌టీఎంఎల్ స్టాండర్డ్‌లోనే ఉంది. వంద ముక్కలైతే 400 మిల్లీసెకన్లు ఊరికే పోతాయి. మెసేజ్ ఛానెల్ ద్వారా మనకి మనమే ఒక మెసేజ్ పంపుకుంటే ఆ 4 మిల్లీసెకన్ల పన్ను ఉండదు. నేను అదే వాడా. ముక్కల సైజు కూడా లైన్ల లెక్కన కాకుండా టైమ్ లెక్కన మార్చా: 5 మిల్లీసెకన్లు పనిచెయ్, వదులు. గ్రాఫ్ మొత్తం రావడానికి పట్టే టైమ్ నిజానికి కొంచెం పెరిగింది. కానీ అంకె ముందే కనిపిస్తుంది, స్క్రోల్ నడుస్తుంది. మా ఊళ్లో ఎవరూ పేజీ తెరిచేది గ్రాఫ్ కోసం కాదు.

వెబ్ వర్కర్ పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు, బరువైన పనికి అదే సరైన చోటు కూడా. అయితే నేటివ్ థ్రెడ్ల లాగా మెమరీ పంచుకోవాలంటే షేర్డ్ అర్రే బఫర్ కావాలి. 2018 జనవరిలో స్పెక్టర్ లోపం బయటపడ్డాక బ్రౌజర్లు దాన్ని ఆపేసి, తర్వాత పేజీని మిగతా సైట్ల నుంచి వేరుచేసే రెండు ప్రత్యేక హెడర్లు సర్వర్ పంపితేనే ఇస్తున్నాయి. నా ఉచిత హోస్టింగ్‌లో ఆ హెడర్లు పెట్టే వీలే లేదు. పైగా మెయిన్ థ్రెడ్ మీద ఆగి ఎదురుచూసే అటామిక్ వెయిట్‌ని బ్రౌజర్ ఒప్పుకోదు. కాబట్టి నేటివ్ తాళాలన్నీ అలాగే తెచ్చి బిగించడం కుదరదు. టోకియో పద్ధతిని వర్కర్ల మీద అనుకరించే టోకియో-విత్-వాసమ్ లాంటి లైబ్రరీలున్నాయి. నా పని దానికి చాలా చిన్నది.

ఇక ఆ రాత్రి 46 అడుగుల సంగతి

అసలు ప్రమాదకరమైనది ఇదే, అందుకే చివరికి ఉంచా. కోడ్‌లో ఒక లూప్ ఉంది: అంకె తీసుకురా, చూపించు, పది నిమిషాలు నిద్రపో, మళ్లీ తీసుకురా. చదివితే ఎక్కడా తప్పు కనపడదు. ఎమ్యులేటర్‌లో, నా ల్యాప్‌టాప్‌లో రోజంతా నడిచింది.

బాబాయ్ పేజీ తెరిచి, చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తెర ఆరిపోయింది. కనిపించని ట్యాబ్‌లో టైమర్లను బ్రౌజర్లు బాగా నెమ్మది చేస్తాయి. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి అయితే, అయిదు నిమిషాలకు పైగా దాక్కున్న పేజీలో వరసగా మోగే టైమర్లను నిమిషానికోసారే చూస్తుంది. మొబైల్‌లో ఇంకా ముందుకెళ్లి పేజీని పూర్తిగా గడ్డకట్టించేస్తుంది కూడా. బ్యాటరీ కోసమే, తప్పుపట్టలేం. గంటల తర్వాత ఫోన్ తీసి చూస్తే పేజీ వదిలేసిన చోటే ఉంది, తాజా అంకె అన్నట్టు 46 చూపిస్తూ. టైమర్‌లో మిగిలిన నిమిషాలు అప్పటి నుంచి లెక్క.

"ఇది బ్రౌజర్ సమస్య, నేటివ్ యాప్ అయితే బాగుండేది" అనుకున్నా మొదట. నాన్న ఫోన్‌లో యాప్ తెరిచి చూడమన్నా. అదీ పాత అంకే!

నేటివ్‌లో కారణం వేరు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి డోజ్ ఉంది. ఫోన్ కదలకుండా, తెర ఆరి ఉంటే నెట్‌వర్క్‌నీ పనులనూ వాయిదా వేస్తుంది. దానికితోడు రస్ట్ ఇన్‌స్టంట్ లైనక్స్, ఆండ్రాయిడ్‌లలో వాడే మోనోటానిక్ గడియారం, ఫోన్ సస్పెండ్‌లో ఉన్న టైమ్‌ని లెక్కలోకే తీసుకోదు. టోకియో స్లీప్ దాని మీదే ఆధారపడింది. మనకి మూడు గంటలు గడిచినా దానికి నాలుగు నిమిషాలే గడిచి ఉండొచ్చు. "పది నిమిషాలు నిద్ర" అని రాశా గానీ, ఎవరి గడియారంలో పది నిమిషాలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సరిచేసినవి ఇవి. ప్రతి అంకెతో పాటు ఆ కొలత తీసుకున్న సమయాన్ని సర్వర్ నుంచే పంపుతున్నా. దాని వయసుని మామూలు గోడ గడియారంతో లెక్కేసి అంకె కిందే పెద్ద అక్షరాలతో రాస్తున్నా: "35 నిమిషాల కిందటిది" అని. గంట దాటితే అంకెని చూపించడమే మానేసి "తాజా సమాచారం లేదు" అని పెడుతున్నా. దీని మీద ఇంట్లో గొడవైంది. ఏదో ఒక అంకె ఉంటే మేలు కదా అని నాన్న వాదన. నది పెరిగేటప్పుడు పాత అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది నాన్నా, అదే భయం అన్నా. అప్పుడు ఒప్పుకున్నాడు.

తర్వాత, పేజీ మళ్లీ కనిపించగానే బ్రౌజర్ ఇచ్చే విజిబిలిటీ ఈవెంట్‌ని పట్టుకుని, నిద్రలో ఉన్న లూప్‌ని వెంటనే లేపుతున్నా. ఆండ్రాయిడ్‌లో యాప్ ముందుకొచ్చినప్పుడు అదే పని. ఉమ్మడి కోడ్‌లో ఇప్పుడు లూప్ ఒక్క నిద్ర కోసమే ఎదురుచూడదు. నిద్ర, లేపు అనే రెండింట్లో ఏది ముందొస్తే దాంతో కదులుతుంది. లేపడం ఎవరు చేస్తారన్నది ప్లాట్‌ఫామ్ అంచులో ఉంటుంది. నిజం చెప్పాలంటే మొత్తం ప్రాజెక్టులో నాకు పనికొచ్చిన డిజైన్ నిర్ణయం ఇదొక్కటే.

బ్యాక్‌గ్రౌండ్‌లో క్రమం తప్పకుండా నడవాలంటే ఆండ్రాయిడ్‌లో వర్క్‌మేనేజర్ ఉంది, కానీ దాని కనీస విరామం 15 నిమిషాలు. అది కూడా కచ్చితమైన హామీ కాదు. కాబట్టి హెచ్చరిక అనే పనిని ఫోన్‌లో నడిచే ఏ రన్‌టైమ్ మీదా పెట్టలేదు. 43, 48, 53 దాటినప్పుడు సర్వరే పుష్ నోటిఫికేషన్ పంపుతుంది. దాంతో పాటు నాకూ మోగుతుంది. 48 దాటితే నేనే ఇంటికి ఫోన్ చేస్తా. ఇది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ చెప్పాల్సిన సొల్యూషనేనా అని నవ్వొచ్చు, కానీ మా నాన్న ఫోన్ రింగ్‌టోన్‌కి ఏ డోజూ అడ్డం రాలేదు ఇంతవరకు.

వేరే భాషల వాళ్లకి

కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌లో కోరొటీన్లు రెండు చోట్లా నడుస్తాయి, కానీ "రన్ బ్లాకింగ్" జావాస్క్రిప్ట్ టార్గెట్‌లో లేనే లేదు. కంపైల్ టైమ్‌లోనే తెలిసిపోతుంది, అదృష్టవంతులు. ఫ్లట్టర్‌లో డార్ట్ ఐసొలేట్లు వెబ్‌లో లేవు. "కంప్యూట్" ఫంక్షన్ పిలిస్తే నేటివ్‌లో వేరే ఐసొలేట్‌కి వెళ్లే పని, వెబ్‌లో నిశ్శబ్దంగా మెయిన్ థ్రెడ్ మీదే నడుస్తుంది. ఫోన్‌లో స్మూత్‌గా ఉన్న యాప్ వెబ్ బిల్డ్‌లో ఎందుకు తడబడుతోందని వెతికేవాళ్లు ముందు ఇక్కడ చూడండి. గోలో గోరొటీన్లు వెబ్‌అసెంబ్లీలో కూడా రాయొచ్చు, అన్నీ ఒకే థ్రెడ్ మీద వంతులవారీగా నడుస్తాయి. రస్ట్‌లోనే ఉన్నవాళ్లు కొత్త ప్రాజెక్టుకి అసింక్-స్టడ్ జోలికి పోకండి, 2025లో దాన్ని ఆపేసి స్మాల్‌కి మారమన్నారు.

టెస్ట్ చేసే పద్ధతి ఒకటి చెప్పి ఆపేస్తా. పేజీ గానీ యాప్ గానీ తెరవండి. విమానం మోడ్ పెట్టి, తెర ఆర్పి, ఫోన్‌ని బల్ల మీద గంటసేపు వదిలేయండి, ఛార్జర్ పెట్టకుండా. ఛార్జింగ్‌లో ఉంటే డోజ్ రాదు, నేను వారం రోజులు ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టే టెస్ట్ చేసి ఏమీ లేదనుకున్నది ఇందుకే. గంట తర్వాత విమానం మోడ్ తీయకుండానే తెర వెలిగించి, మీ యాప్ మొదటి సెకనులో ఏం చూపిస్తుందో చూడండి.